అరకిలో రాగికి అరలక్షా?

మా ఎదురింటి మాస్టారు లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. ఎన్నాళ్లనుంచో మనసులో పెట్టుకున్న స్టీరియో ఈమధ్యే కొనుక్కున్నారు: ఒక యాంప్లిఫయరు, ఒక సీడీ ప్లేయరు, రెండు స్పీకర్లు. బేరం ఖాయమైన రోజు సాయంత్రం నన్ను పిలిచి, షాపువాళ్లు రాసిచ్చిన కాగితం చేతిలో పెట్టారు. చివరి వరుసలో స్పీకర్ కేబుల్ ఉంది. ఒక్కో స్పీకరుకు 5 మీటర్లు, జత ధర 50,000 రూపాయలు.

"యాంప్లిఫయరే నలభై ఐదు వేలోయ్. దాన్నీ స్పీకర్లనీ కలిపే తీగ అంతకంటే ఎక్కువా? అలాగని తీగ దగ్గర వెనకాడితే మిగతా డబ్బంతా దండగేనంటున్నారు. ఏం చెయ్యమంటావు?" అన్నారు.

ఇంట్లో మంచి సంగీతం వినాలనుకునే ప్రతివాళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ప్రశ్నే ఇది. జవాబు ముందే చెప్పేస్తాను. తీగ తగినంత లావుగా ఉండాలి, అసలైన రాగిది అయ్యుండాలి, కొసలు గట్టిగా బిగించి ఉండాలి. ఈ మూడూ ఉంటే తీగ పని అయిపోయినట్టే. ఆపైన దానిమీద పెట్టే డబ్బు చెవిదాకా రాదు. ఎందుకో ఒక్కొక్క సందేహంగా తీసుకుని లెక్క చూద్దాం. చివర్లో, నా మాట నమ్మనక్కర్లేకుండా మీ ఇంట్లో మీరే తేల్చుకునే పద్ధతి కూడా చెబుతాను.

అసలు ఆ కేబుల్లో ఉన్నదేమిటి?

మాస్టారుకి కావలసింది ఒక్కో స్పీకరుకు 5 మీటర్లు. ఒక్కో కేబుల్లో పోయే తీగ ఒకటి, తిరిగొచ్చే తీగ ఒకటి. రెండు స్పీకర్లకూ కలిపి మొత్తం 20 మీటర్ల రాగి తీగ. ఇంట్లో పవర్ ప్లగ్గులకు ఎలక్ట్రీషియన్లు లాగే "టూ పాయింట్ ఫైవ్" తీగ, అంటే అడ్డంగా కోస్తే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కనిపించేది, తీసుకున్నామనుకోండి. 20 మీటర్లకు 50 ఘన సెంటీమీటర్ల రాగి పడుతుంది. బరువు సుమారు 448 గ్రాములు. పూజగదిలో పెట్టుకునే ఓ మోస్తరు రాగి చెంబంత. కిలో రాగి 1,200 రూపాయలనుకున్నా, ఆ లోహం విలువ 540 రూపాయలు దాటదు. పైన ప్లాస్టిక్ తొడుగు, తయారీ కూలి, షాపువాళ్ల లాభం కలుపుకున్నా అరలక్షకు చాలా దూరంలోనే ఆగిపోతుంది. కాబట్టి ఆ ధర రాగిది కాదు. రాగిలో ఇంకేదో గుణం ఉందన్న నమ్మకానిది. ఆ గుణం నిజంగా ఉందా అన్నదే మనం తేల్చాల్సింది.

తీగ ఎంత శబ్దాన్ని మింగేస్తుంది?

మేడమీది ట్యాంకు నుంచి కుళాయికి నీళ్లొచ్చే పైపును గుర్తు తెచ్చుకోండి. పైపు సన్నగా, పొడవుగా ఉంటే ధార తగ్గుతుంది. కరెంటుకీ అంతే. తీగ తనలో పారే కరెంటుకు పెట్టే అడ్డును నిరోధం అంటారు. దాన్ని ఓమ్‌లలో కొలుస్తారు. స్పీకరు వెనక "8 ఓమ్‌లు" అని రాసి ఉంటుంది చూడండి, అది స్పీకరు పెట్టే అడ్డు. యాంప్లిఫయరు పంపే శక్తిని తీగా స్పీకరూ ఈ అడ్డుల నిష్పత్తిలోనే పంచుకుంటాయి.

మన దేశపు ప్రమాణాల ప్రకారం, సన్నటి పోగులు పేని చేసిన 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నిరోధం కిలోమీటరుకు 7.98 ఓమ్‌లు మించకూడదు. మనకు కావలసింది రానూ పోనూ 10 మీటర్లు. అంటే 0.08 ఓమ్. స్పీకరుది 8 ఓమ్‌లు. నిష్పత్తి వందకు ఒకటి. యాంప్లిఫయరు వంద రూపాయలు పంపితే, దారి ఖర్చు రూపాయి.

ఆ రూపాయి చెవికి తెలుస్తుందా? చెవి లెక్కను డెసిబెల్స్‌లో చూడాలి. శబ్దం ఎంత పెరిగిందో, ఎంత తగ్గిందో కొలిచే మెట్లు అవి. ఇంట్లో మామూలుగా పాట వింటున్నప్పుడు ఒక డెసిబెల్ తేడాను చాలామంది అతికష్టం మీద గుర్తిస్తారు. రెండు శబ్దాలను వెంటవెంటనే పక్కపక్కన వినిపిస్తే అంతకంటే చిన్న తేడా కూడా దొరుకుతుంది. చాలా యాంప్లిఫయర్లలో రిమోట్ మీద ఒక నొక్కు అర డెసిబెల్ నుంచి ఒక డెసిబెల్ దాకా ఉంటుంది. ఇప్పుడు 8 ఓమ్‌ల స్పీకరుకు 5 మీటర్ల దూరంలో ఏ తీగ ఎంత తగ్గిస్తుందో చూడండి:

- 0.75 చదరపు మి.మీ. తీగ: 0.26 ఓమ్, తగ్గేది 0.28 డెసిబెల్
- 1.5 చదరపు మి.మీ. తీగ: 0.13 ఓమ్, తగ్గేది 0.14 డెసిబెల్
- 2.5 చదరపు మి.మీ. తీగ: 0.08 ఓమ్, తగ్గేది 0.09 డెసిబెల్
- 4 చదరపు మి.మీ. తీగ: 0.05 ఓమ్, తగ్గేది 0.05 డెసిబెల్

మాస్టారు ఈ లెక్కను కాగితం మీద తనే మళ్లీ వేసుకుని, "అయితే టూ పాయింట్ ఫైవ్ తీగ మింగేది రిమోట్ నొక్కులో అయిదో వంతు కూడా కాదన్నమాట" అన్నారు. సరిగ్గా అంతే.

శబ్దం తగ్గడం సరే, నాణ్యత మారదా?

మంచి సందేహం. స్పీకరు మీద 8 ఓమ్‌లని రాసినా, అది అన్ని స్వరాల దగ్గరా ఎనిమిదే ఉండదు. ఒకచోట 4కి దిగుతుంది, ఇంకోచోట 30కి ఎక్కుతుంది. తీగ నిరోధం ఎక్కువైతే, స్పీకరు నిరోధం తక్కువగా ఉన్న స్వరాలు కాస్త ఎక్కువగా నష్టపోతాయి. అప్పుడు పాట స్వభావమే కొద్దిగా మారుతుంది. 2.5 తీగతో ఆ హెచ్చుతగ్గు 0.15 డెసిబెల్. 0.75 తీగతో దాదాపు అర డెసిబెల్. అందుకే మరీ సన్నటి తీగ వద్దనడం న్యాయమైన సలహా.

ఎంత లావు చాలు అన్నదానికి ఒక సులువైన కొలమానం ఉంది. అమెరికాలోని మెకింతోష్ కంపెనీలో స్పీకర్లను రూపొందించిన ఇంజనీరు రోజర్ రసెల్, తీగ నిరోధం స్పీకరు నిరోధంలో 5 శాతం దాటకుండా చూసుకోమన్నారు. 8 ఓమ్‌ల స్పీకరుకు 0.4 ఓమ్ అన్నమాట. టూ పాయింట్ ఫైవ్ తీగ ఆ హద్దును చేరాలంటే స్పీకరు 25 మీటర్ల అవతల ఉండాలి. వీధి గుమ్మం దగ్గర యాంప్లిఫయరు, పెరట్లో స్పీకరు పెట్టుకున్నా ఆ దూరం ఉండదు చాలా ఇళ్లలో. 4 ఓమ్‌ల స్పీకరైతే ఈ దూరంలో సగం లెక్క వేసుకోండి.

తీగ నిరోధం వల్ల బేస్ వదులైపోతుందనీ అంటారు. స్పీకరు లోపల అట్టను ఊపే తీగచుట్ట ఉంటుంది. 8 ఓమ్‌ల స్పీకర్లో ఆ చుట్ట నిరోధమే సుమారు 6 ఓమ్‌లు. అట్ట ఊగిసలాటకు కళ్లెం వేసే దారిలో ఈ ఆరూ ఎలాగూ ఉన్నాయి. బయటి నుంచి ఇంకో 0.08 చేరితే ఆ కళ్లెం వదులైపోదు.

స్వచ్ఛమైన రాగి, వెండి తీగలు వేరు కదా?

వెండి రాగి కంటే మంచి వాహకం. ఇది నిజం. ఎంత మంచిదంటే, 5 నుంచి 6 శాతం. ఆక్సిజన్ తీసేసిన రాగి అని డబ్బా మీద గొప్పగా రాస్తారు. దానికీ మామూలు విద్యుత్ రాగికీ నిరోధంలో తేడా ఒక శాతం లోపే.

ఈ శాతాలను ఇంటి లెక్కలోకి మార్చుకుందాం. రాగి వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది. ఒక డిగ్రీకి సుమారు 0.39 శాతం. విజయవాడలో సంక్రాంతి వేకువన హాల్లో 20 డిగ్రీలుండి, మే నెల మధ్యాహ్నం 38 డిగ్రీలుందనుకోండి. 18 డిగ్రీల తేడాకు అదే తీగ నిరోధం 7 శాతం పెరిగింది. అంటే రాగికీ వెండికీ ఉన్న తేడా కంటే, మన ఇంట్లో చలికాలానికీ ఎండాకాలానికీ మధ్య ఒకే రాగి తీగలో వచ్చే తేడా ఎక్కువ. మే నెలలో పాట పాడైపోయిందని ఎవరూ అనలేదు. నిరోధం తగ్గించడమే కావాలంటే వెండిదాకా వెళ్లక్కర్లేదు. 2.5 బదులు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కొంటే 38 శాతం తగ్గుతుంది.

బంగారు పూత సంగతేమిటి? బంగారం రాగికంటే మంచి వాహకం కాదు, తక్కువ రకమే. దాని గొప్పతనమల్లా చిలుము పట్టకపోవడం. కాకినాడ, విశాఖపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో పిన్నులకు ఆ పూత పనికొస్తుంది. పలచని పూతకు పెద్ద ఖర్చేమీ కాదు.

రెండు తీగలూ సమానంగా లేకపోతే?

ఒక స్పీకరు దగ్గర, ఒకటి దూరం. తీగలు చెరో పొడవు ఉంటే ఒకవైపు శబ్దం ముందొస్తుందా అని అడుగుతారు. తీగలో సంకేతం కాంతి వేగంలో దాదాపు మూడింట రెండొంతుల వేగంతో వెళ్తుంది. ఒక మీటరు అదనపు తీగకు పట్టే సమయం సెకనులో 20 కోట్లవ వంతు. అదే గాలిలో శబ్దం సెకనుకు 343 మీటర్లు మాత్రమే వెళ్తుంది. మీటరు తీగ చేసే ఆలస్యంలో శబ్దం నడిచే దూరం మన తల వెంట్రుక మందంలో నలభయ్యో వంతు. కుర్చీలో కాస్త ఇటు ఒరిగితే దానికి వేల రెట్ల తేడా వస్తుంది. అవసరమున్నంత పొడవే లాగండి. మిగిలింది చుట్టలుగా దాచనక్కర్లేదు.

హెచ్చు స్వరాలు తీగ పైపొరలోనే పారతాయన్న మాట కూడా అమ్మకాల కాగితాల్లో కనిపిస్తుంది. భౌతికశాస్త్రంలో అది నిజమే. మనిషి చెవికి పైహద్దు అయిన 20,000 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 20,000 కంపనాల దగ్గర, రాగిలో ఆ పొర లోతు అర మిల్లీమీటరుకు కాస్త తక్కువ. టూ పాయింట్ ఫైవ్ తీగ వ్యాసం 1.8 మిల్లీమీటర్లు. దీనివల్ల ఆ చివరి స్వరం దగ్గర నిరోధం పావు వంతు దాకా పెరుగుతుంది. 0.08 కాస్తా 0.1 అవుతుంది. చెవికి చేరే తేడా 0.02 డెసిబెల్. చెప్పిన సూత్రంలో తప్పులేదు. దాని పరిమాణం చెప్పకపోవడమే తప్పు.

ప్లేయరు నుంచి యాంప్లిఫయరుకు వెళ్లే తీగ?

ఎరుపు, తెలుపు పిన్నులుండే ఆర్‌సీఏ తీగ ఇది. ఇందులో పారే కరెంటు చాలా స్వల్పం. ప్లేయరు వైపు నిరోధం కొన్ని వందల ఓమ్‌లుంటే, యాంప్లిఫయరు వైపు 10,000 నుంచి 47,000 ఓమ్‌ల దాకా ఉంటుంది. మధ్యలో తీగ పెట్టే ఓమ్‌లో పదో వంతుకు లెక్కలో చోటే లేదు.

ఈ తీగకు ఇంకో గుణం ఉంది. పక్కపక్కనున్న రెండు లోహాల మధ్య కొద్దిపాటి విద్యుత్తు నిలవ ఉంటుంది. దాన్ని కెపాసిటెన్స్ అంటారు, పికోఫారడ్‌లలో కొలుస్తారు. అది ఎక్కువైతే హెచ్చు స్వరాలు మొద్దుబారతాయి. మామూలు మీటరున్నర తీగలో అది 150 పికోఫారడ్‌లు అనుకుందాం. ప్లేయరు నిరోధం వెయ్యి ఓమ్‌లున్నా, మొద్దుబారడం మొదలయ్యేది 10 లక్షల హెర్ట్జ్ దగ్గర. చెవి హద్దుకు 50 రెట్లు పైన.

అయితే ఇక్కడ నిజమైన మినహాయింపు ఒకటుంది. గ్రామఫోన్ రికార్డులు వినేవాళ్లు దీన్ని జాగ్రత్తగా చదవాలి. టర్న్‌టేబుల్ సూది వెనకుండే మూవింగ్ మాగ్నెట్ కార్ట్రిడ్జిలో, అంటే అయస్కాంతం కదిలే రకంలో, వేల చుట్ల సన్నటి తీగ ఉంటుంది. అది తీగ కెపాసిటెన్స్‌తో కలిస్తే శబ్దం ఏదో ఒక స్వరం దగ్గర ఉబికి, ఆపైన పడిపోతుంది. లెక్కకు, అర హెన్రీ తీగచుట్టకు మొత్తం 200 పికోఫారడ్‌లు చేరితే ఆ ఉబుకు 16,000 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. 400 చేరితే 11,000కు దిగుతుంది. అంటే చెవికి బాగా వినపడే చోటికి. ఇక్కడ తీగ మార్చితే స్వరం నిజంగానే మారుతుంది. కానీ దానికి కావలసింది ఖరీదు కాదు, కెపాసిటెన్స్ తక్కువున్న పొట్టి తీగ. కార్ట్రిడ్జి కాగితంలో ఎంత ఉండాలో రాసి ఉంటుంది. దాన్ని చూసి కొనండి.

డిజిటల్ కేబుళ్లు, పవర్ తీగ?

సీడీలో సెకనుకు 14,11,200 అంకెలు ఉంటాయి. అన్నీ సున్నాలూ ఒకట్లే. హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ, ఆప్టికల్ తీగ చేసేది వాటిని దాటించడం. ఉత్తరంలో అక్షరాలు అన్నీ అందాయా లేదా అన్నట్టే ఉంటుంది ఆ పని. కవరు పట్టుదైతే ఉత్తరంలోని కబురు తియ్యనైపోదు. తీగ పాడైతే టపటపలు, ఆగిపోవడాలు, టీవీలో మెరుపు చుక్కలు వస్తాయి. మెల్లగా బేస్ తగ్గడం, గొంతులో తడి ఆరిపోవడం లాంటివి రావు. పని చేస్తున్న తీగను మార్చనక్కర్లేదు.

పవర్ తీగదీ ఇలాగే సులువైన లెక్క. వీధి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి స్తంభాల మీదుగా, మీటరు దాటి, గోడలోని తీగలోంచి కరెంటు మన ప్లగ్గు దాకా వస్తుంది. చివరి మీటరున్నర మాత్రమే మనం మార్చగలిగేది. వెనకున్న వందల మీటర్లలో చేరిన దుమ్మును ఆ చివరి ముక్క కడగలేదు. యాంప్లిఫయరు లోపలుండే పవర్ సప్లై పనే ఆ కరెంటును సరిచేయడం. మీ స్పీకర్లలో సన్నగా "మ్‌మ్" అని హోరు వస్తుంటే, ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియనుకు చూపించండి. ఇంకో మాట. కేబుల్ టీవీ తీగ సెట్‌టాప్ బాక్సు ద్వారా యాంప్లిఫయరుకు కలిసి ఉంటే, ఒకసారి ఆ తీగ ఊడదీసి వినండి. చాలా ఇళ్లలో ఆ హోరు అక్కణ్నుంచే వస్తుంది.

"నేను స్వయంగా విన్నాను" అనేవాళ్ల మాటేమిటి?

వాళ్లు అబద్ధమాడటం లేదు. వాళ్లకు తేడా నిజంగానే అనిపించింది. అయితే అది తీగలోంచే వచ్చిందా అన్నది వేరే ప్రశ్న.

తీగ మార్చడానికి లేచి, మళ్లీ వచ్చి కూర్చుంటాం. తల నాలుగంగుళాలు పక్కకు జరిగి ఉంటుంది. 5,000 హెర్ట్జ్ స్వరంలో ఒక అల పొడవు 7 సెంటీమీటర్లు. గోడల నుంచి తిరిగొచ్చే శబ్దం ఆ నాలుగంగుళాల్లోనే ఒకచోట కలిసి పెరుగుతుంది, ఇంకోచోట కొట్టుకుని తగ్గుతుంది. కాబట్టి చెవికి అందేది నిజంగానే మారింది. మార్చింది మాత్రం తీగ కాదు, కుర్చీ.

కన్ను కూడా చెవిని నడిపిస్తుంది. 1994లో ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ అనే పరిశోధకులు హర్మన్ కంపెనీలో ఒక పరీక్ష చేశారు. 40 మంది ఉద్యోగులకు నాలుగు స్పీకర్లు వినిపించారు. ఒకసారి తెర వెనక పెట్టి, ఒకసారి ఎదురుగా కనిపించేలా పెట్టి. కనిపిస్తున్నప్పుడు పెద్ద, అందమైన స్పీకర్లకు మార్కులు పెరిగాయి. చిన్న చవక స్పీకరుకు పడిపోయాయి. వాళ్లంతా ఆడియో కంపెనీలో పనిచేసేవాళ్లే. వాళ్లకే అలా జరిగితే మనకు జరగడంలో చిన్నతనమేమీ లేదు.

తీగల మీద కూడా ఇలాంటి పరీక్ష ఉంది. 1983లో అమెరికా పత్రిక "స్టీరియో రివ్యూ" కోసం లారెన్స్ గ్రీన్‌హిల్ చేశారు. 30 అడుగుల పొడవున మూడు తీగలు తీసుకున్నారు: ఖరీదైన మాన్‌స్టర్ కేబుల్, మామూలు 16 గేజ్ తీగ, దారంలాంటి 24 గేజ్ తీగ. అన్ని స్వరాలూ కలిసిన హోరు శబ్దం పెట్టినప్పుడు సన్నటి తీగను విన్నవాళ్లు గుర్తుపట్టారు. సంగీతం పెట్టినప్పుడు ఖరీదైన తీగకూ మామూలు 16 గేజ్ తీగకూ తేడా పట్టుకోలేకపోయారు. మన లెక్కతో ఇది సరిపోతుంది. ఆ సన్నటి తీగకు రానూ పోనూ దాదాపు ఒకటిన్నర ఓమ్ నిరోధం ఉంటుంది. 5 శాతం హద్దును ఎప్పుడో దాటేసింది.

మాస్టారింట్లో పరీక్ష

షాపువాళ్లు ఆ 50,000 రూపాయల కేబుల్‌ను రెండు రోజులు వాడి చూడమని ఇచ్చారు. మేం ఎలక్ట్రికల్ షాపులో రెండు కోర్ల టూ పాయింట్ ఫైవ్ తీగ 10 మీటర్లు తెచ్చాం. 1,500 అయింది. ఆదివారం మధ్యాహ్నం యాంప్లిఫయరుకు అడ్డంగా దుప్పటి కట్టాం. ఇంటర్ చదివే మనవడు దుప్పటి వెనక కూర్చున్నాడు. ప్రతిసారీ నాణెం ఎగరేసి, బొమ్మ పడితే ఖరీదైనది, బొరుసు పడితే మామూలుది తగిలించాలి. తీగ మారకపోయినా యాంప్లిఫయరు ఆపి, పిన్నులు ఊడదీసి మళ్లీ పెట్టాలి. చప్పుడును బట్టి కనిపెట్టకుండా ఉండేందుకు అన్నమాట. వాల్యూమ్ ఎవరూ ముట్టుకోకూడదు. తనేం పెట్టాడో పుస్తకంలో రాసుకోవాలి. నేను బయట వరండాలో ఉన్నాను, నా మొహం చూసి మాస్టారు ఊహించకుండా.

పరీక్షకు ముందు మాస్టారు రెండు తీగలనూ చూస్తూనే చాలాసేపు విన్నారు. ఖరీదైన దాంట్లో వయొలిన్ ఇంకా విప్పారినట్టుందని గట్టిగానే అన్నారు. ఆ తరవాత పదిసార్లు చూడకుండా విన్నారు. కళ్లు మూసుకుని, ఒక్కోసారి ఒకే ఆలాపన మూడుసార్లు పెట్టించుకుని, తొందరపడకుండా జవాబు చెప్పారు. పదింటిలో ఆరు సరిపోయాయి.

ఆరంటే సగం కంటే ఎక్కువే కదా అనిపిస్తుంది. మాస్టారే లెక్క కట్టి చూపించారు. ఏమీ వినకుండా నాణెం ఎగరేసి జవాబు చెప్పినా, వందలో 38 సార్లు పదికి ఆరో అంతకంటే ఎక్కువో సరిపోతాయి. తొమ్మిది సరిపోతే అప్పుడు ఆలోచించాలి. అది అదృష్టం కొద్దీ జరగడం వందలో ఒక్కసారే. ఈ ఒక్క ఆదివారంతో ప్రపంచంలో ఎవరికీ తేడా వినపడదని తేలిపోదు. మాస్టారి చెవికి, మాస్టారి గదిలో, ఆ అరలక్షతో ఏమీ రాలేదని మాత్రం తేలింది. ఆయన తెలుసుకోవాల్సిందీ అదే. సోమవారం పొద్దున కేబుల్ వెనక్కి ఇచ్చేశారు.

మీరూ ఇలాగే చేయొచ్చు. కావలసింది ఇంకో మనిషి, ఒక నాణెం, ఒక దుప్పటి. కొనే ముందు అడిగితే వాడి చూడనిచ్చే షాపులు ఉన్నాయి.

అయితే తీగ విషయంలో దేనికి జాగ్రత్త పడాలి?

మొదటిది, రాగి పూసిన అల్యూమినియం తీగ. చూడటానికి రాగిలాగే ఉంటుంది. ఒక పోగును బ్లేడుతో గీకితే లోపల తెల్లగా బయటపడుతుంది. దాని నిరోధం రాగికి ఒకటిన్నర రెట్లకు పైనే. టూ పాయింట్ ఫైవ్ అని కొన్నా, అది ఒకటిన్నర రాగి తీగలాగే పనిచేస్తుంది. చేత్తో ఎత్తితే చుట్ట తేలిగ్గా ఉంటుంది.

రెండోది, ప్లస్ మైనస్. ఒక స్పీకరుకు ఎరుపూ నలుపూ తారుమారైతే ఒక అట్ట ముందుకు వస్తుంటే ఇంకోటి వెనక్కి వెళ్తుంది. బేస్ పలచబడిపోతుంది. గాయకుడి గొంతు రెండు స్పీకర్ల మధ్య నిలబడకుండా గదంతా చెదిరిపోతుంది. బేస్ లేదని బాధపడేవాళ్లు ముందుగా చూడాల్సింది ఇదే. సరిచేయడానికి పైసా ఖర్చు లేదు.

మూడోది, కొసలు. ఒక పోగు విడిపడి పక్క స్క్రూకు తగిలితే షార్ట్ అయి యాంప్లిఫయరే పోవచ్చు. పోగులన్నీ బిగించి మెలిపెట్టండి. ఏడాదికోసారి చూసి, చిలుము పట్టి పచ్చబడితే ఆ అంగుళం కత్తిరించి కొత్తగా ఒలిచి బిగించండి. చెంబుకు తోమినట్టు చింతపండు మాత్రం పెట్టకండి. పులుపు తీగలోనే ఉండిపోయి ఇంకా తినేస్తుంది.

మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలి?

గదిలో. మన హాళ్లలో కింద టైల్సు, చుట్టూ సున్నం వేసిన గోడలు, పైన స్లాబు. అన్నీ శబ్దాన్ని విసిరికొట్టేవే. హాలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టండి. "టంగ్" అని తోక వినిపిస్తే, మీ పాటలో ప్రతి అక్షరానికీ ఆ తోక ఉందని అర్థం.

దీన్ని లెక్కలోకి తెచ్చిన మనిషి వాలస్ సబీన్. 1895లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం కొత్త ఉపన్యాస మందిరంలో మాట ఒక్కటీ అర్థమయ్యేది కాదు. పలికిన శబ్దం 5 సెకన్లకు పైగా మోగుతూ ఉండేది. సంగతేమిటో చూడమని ఈ కుర్ర అధ్యాపకుడికి అప్పగించారు. ఆయన రాత్రులు పక్క నాటకశాల కుర్చీల మీది మెత్తలను మోసుకొచ్చి ఆ హాల్లో పరిచి, ఎన్ని మెత్తలకు మోత ఎంత తగ్గుతుందో కొలిచారు. గదుల ధ్వనిశాస్త్రం ఆ మెత్తల మీద పుట్టింది.

ఆయన సూత్రంతోనే మన గది చూద్దాం. 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు. ఖాళీ గోడలూ నేలా నూటికి మూడు వంతులే శబ్దం పీలుస్తాయనుకుంటే, మోత చల్లారడానికి దాదాపు 3 సెకన్లు పడుతుంది. అందులో 6 చదరపు మీటర్ల మేర సగం శబ్దం పీల్చే మెత్తటి వస్తువులు పెడితే 1.2 సెకన్లకు దిగుతుంది. మందపాటి కర్టెన్లు రెండు, స్పీకర్ల ఎదుటి గోడకు ఆనించిన దూది పరుపు ఒకటి, సుమారుగా అంత అవుతాయి. పుస్తకాలు నిండిన బీరువా, నేల మీద జంపఖానా తోడైతే ఇంకా మంచిది.

తరవాత స్పీకర్లు పెట్టే చోటు. స్పీకరును గోడకు ఆనిస్తే బేస్ 6 డెసిబెల్స్ దాకా పెరగొచ్చు. మూలలో దూరిస్తే ఇంకా ఎక్కువ. టూ పాయింట్ ఫైవ్ తీగ తగ్గించే 0.09 పక్కన ఈ అంకె పెట్టి చూడండి. గోడకు రెండడుగులు ముందుకు లాగి, మీ కుర్చీతో కలిపి మూడు వైపులా సమానంగా ఉండేలా జరిపి, వారం రోజులు వింటూ అంగుళం అంగుళం సర్దుకోండి. ఇంకా డబ్బుంటే అప్పుడు స్పీకర్లు మార్చడం గురించి ఆలోచించండి. అన్ని పరికరాల్లోనూ శబ్దాన్ని ఎక్కువగా మార్చేవి అవే.

మాస్టారు ఇదే వరసలో వెళ్లారు. స్పీకర్లు మూలల్లోంచి బయటికి వచ్చాయి. అటక మీది పాత దూది పరుపు దింపి, కొత్త గలేబు తొడిగి, స్పీకర్ల ఎదుటి గోడకు నిలబెట్టారు. ఆ సాయంత్రం ఎప్పుడూ వినే కచేరీయే పెట్టారు. వంటింట్లోంచి మాస్టారి భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర ఆగి, "ఇందులో తంబురా ఉందా? ఇన్నాళ్లూ వినపళ్లేదే" అన్నారు. ఆమెకు తీగల గొడవా తెలియదు, పరుపు ఎందుకు పెట్టారో తెలియదు. నాణెం ఎగరేయనక్కర్లేని తేడా అది.